ఫైవ్ స్టార్ గీజరు సరే, ఎర్తు ఏది?

పత్తి ఏరడం అయిపోవచ్చింది, మిరప కోతలు ఇంకా మొదలుకాలేదు. కాస్త తీరిక దొరికింది కాబట్టి రాస్తున్నా. పొడుగ్గానే ఉంటది, ఓపిగ్గా చదవండి.

ఈ చలికాలం మా ఊళ్లో గీజర్ల జాతర నడుస్తోంది. రాగి బాయిలర్లన్నీ పాత సామాన్లోడి ఆటో ఎక్కుతున్నాయి. నేనూ నిరుడు అమ్మేశా. ఆ డబ్బుకి ఇంకొంత కలిపి 15 లీటర్ల ఫైవ్ స్టార్ గీజరు తెచ్చా. "త్రీ స్టారుకీ దీనికీ రెండు వేలే తేడా అన్నా, ఏడాదిలో కరెంటు బిల్లులో తిరిగొచ్చేస్తది" అన్నాడు షాపులో పిల్లోడు. తలూపి వచ్చేశా.

ఆ మాట మన ఇళ్లకు వర్తించదు. నేను చదివింది ఇంటరే గానీ ఈ లెక్కకు అది చాలు. లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే ఒక కిలో క్యాలరీ కావాలి. ఒక యూనిట్ కరెంటు అంటే 860 కిలో క్యాలరీలు. 15 లీటర్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే 525 కిలో క్యాలరీలు, అంటే దాదాపు 0.6 యూనిట్. కాయిలు నీళ్లలోనే మునిగి ఉంటది కాబట్టి దాని వేడంతా నీళ్లకే పోతది. ఒక స్టారుదైనా, ఐదు స్టార్లదైనా ఇక్కడ తేడా లేదు. మరి స్టార్లు దేనికంటే, కాగిన నీళ్లు వాడకుండా నిలవుంటే ట్యాంకులోంచి ఎంత వేడి బయటికి పోతదనే లెక్కకి. ఫ్లాస్కు ఎంత మంచిదో చెప్పినట్టన్నమాట. రోజంతా ఆన్‌లో పెట్టే హోటలోడికి అది పనికొస్తది. మనం తెల్లారి ఐదింటికి స్విచ్చేసి, ఇరవై నిమిషాలకు ఆపేసి పొలం పోయేటోళ్లం. మనకు మిగిలేది ఏమంత ఉండదు.

ఆ 15 లీటర్లలో చన్నీళ్లు కలుపుకుంటే ఒంటికి పట్టే వేడిలో దాదాపు రెండు బకెట్లు వస్తాయి. ఐదుగురున్న ఇంట్లో రోజుకు మూడుసార్లు కాగబెడితే నెలకు 54 యూనిట్లు. గృహజ్యోతి వస్తున్నోళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. 200 యూనిట్లు దాటిందా, జీరో బిల్లు పోయి మొత్తానికీ కట్టాలి. స్విచ్ ఆపడం మర్చిపోయే ఇంట్లో ఏ స్టారూ కాపాడదు.

సరే, డబ్బుల సంగతి పక్కన పెట్టండి. అసలు నేను రాయాలనుకున్నది వేరే.

పోయిన నెల మా ఇంటావిడ తెల్లారి నల్లా తిప్పబోయి కెవ్వున అరిచి గోడకు పడింది. పరిగెత్తి మెయిన్ దించా. చెయ్యి మొద్దుబారింది గానీ దేవుడి దయవల్ల మనిషి దక్కింది. గీజరు విప్పించి చూస్తే కాయిలు మీద సున్నం అట్టలు కట్టి, పైతొడుగు పగిలి ఉంది. మా బోరు నీళ్లతో పప్పే ఉడకదు, కాయిలు మిగులుద్దా? అందులో మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటదని, ఏడాదికోసారి విప్పి చూడాలని అమ్మినోడూ చెప్పలేదు, బిగించినోడూ చెప్పలేదు.

ఆ తర్వాత సాకెట్టు విప్పాం. పైన పెద్ద కంత ఉంటది చూడండి, దాని వెనకాల పచ్చ తీగ లేదు. ఉత్త కంత! "ఫిట్టింగ్ ఫ్రీ" అని షాపోళ్లు పంపిన మనిషిని ఫోన్‌లో అడిగితే ఏమన్నాడో తెలుసా? "మీ ఊళ్లో ఎవరింట్లో ఉందన్నా ఎర్తు?"

ఒళ్లు మండింది. కానీ మా వీధంతా తిరిగి చూశా. పదకొండు ఇళ్లలో గీజర్లున్నాయి, ఎర్తు ఉన్నది రెండిళ్లలో. వాడి తప్పు వాడిదే, లేదని తెలిసీ బిగించకూడదు. మరి మన సంగతేంటి? ఎండాకాలం మోటార్లు కాలిపోకూడదని ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తు గుంటలో బిందెలతో నీళ్లు పోస్తాం. మోటారు మీద ఉన్న శ్రద్ధ ఇంట్లో ఆడవాళ్ల మీద లేకపోయె!

"ఫ్యూజు కొట్టేస్తదిలే" అంటారు కొందరు. కొట్టదు. ఫ్యూజు గానీ ఎంసీబీ గానీ తీగ మోయలేనంత కరెంటు లాగినప్పుడే పడిపోతది. మనిషిని చంపడానికి అంత అక్కర్లేదు. ఎర్తు లేకపోతే లీకైన కరెంటుకు దారి దొరికేది మన ఒంట్లోంచే. అందుకే ఎర్తుతోపాటు 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ పెట్టించాలి. ఆ మాత్రం కరెంటు దారి తప్పినా అది రెప్పపాటులో ఆపేస్తది. ఇంకోటి, లైటు బోర్డు నుంచి సన్న తీగ లాగి గీజరుకు ఇవ్వకండి. 2000 వాట్లదైతే 9 ఆంపుల దాకా లాగుతది, వేరే లైను కావాల్సిందే. గుంట, పైపు, బొగ్గు, ఉప్పు, తీగలు, ఆర్‌సీసీబీ అన్నీ కలిపి నాకు నాలుగు వేల చిల్లర అయింది. స్టార్ల కోసం పెట్టిన రెండు వేలు ఇందులో వేసుంటే సగం ఖర్చు అప్పుడే తీరేది.

"పాత బాయిలరే నయం, పత్తికట్టె ఊరికే దొరుకుద్ది" అని నేనూ ఒకమాట అనబోయా. "ఇరవై ఏళ్లు ఆ పొగ మింగింది నేను, నువ్వు కాదు" అంది మా ఇంటావిడ. నోరు మూసుకున్నా. బకెట్‌లో రాడ్డు పెట్టుకునేటోళ్లకు ఒక్కటే చెప్తా, ప్లగ్గు పీకకుండా నీళ్లలో వేలు పెట్టొద్దు. గ్యాసు గీజరు తలుపులేసిన బాత్రూంలో అసలే వద్దు, ఆ విషవాయువుకు వాసన కూడా ఉండదు. ఇంట్లో జనం ఎక్కువుండి, డాబా మీద నీడ పడకపోతే సోలార్ చూసుకోండి. ఉప్పు నీళ్లకు గాజు గొట్టాలదే తీసుకోండి, రాగి పైపులది పూడిపోతది.

మా వీధిలో ఎర్తు లేని ఇళ్లవాళ్లం కలిసి టౌను నుంచి ఎలక్ట్రీషియన్ని మాట్లాడాం. గుంటలు మేమే తవ్వుకుంటాం, సామాను అందరికీ ఒకేసారి తెస్తాం. శనివారం పొద్దున మొదలు. పక్క వీధోళ్లు ఎవరన్నా కలుస్తామంటే శుక్రవారం సాయంత్రంలోగా చెప్పండి, పైపులు లెక్క చూసి తేవాలి.