మానేసింది ఆయన, పీల్చింది మేమంతా

మొన్న ఆదివారం మా ఆయన స్నేహితులు కుటుంబాలతో వస్తే అందరం కలిసి మైపాడు బీచికి పోయాం. పిల్లలు అలల దగ్గర ఆడుతున్నారు. మగవాళ్లు ఇసకలో కూర్చుని పాత కబుర్లు మొదలుపెట్టారు. మా ఆయన సిగరెట్ మానేసి రెండేళ్లు దాటింది. ఆ ప్రస్తావన రాగానే ముఖం వెలిగిపోయింది. రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా, ఏరేటర్ల చప్పుడు, వానలో తడవకుండా చొక్కా లోపల దాచుకున్న ప్యాకెట్టు, ఒకే అగ్గిపుల్లతో ముగ్గురు వెలిగించుకోవడం. "ఆ రోజులే వేరురా" అన్నారు.

"అయినా ఒక్క దెబ్బతో మానేశాడు చూడండి వదినా! ఎంత గుండె నిబ్బరం ఉండాలి!" అన్నాడు ఒక స్నేహితుడు నాతో.

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

మానడం తేలికని నేననను. నికోటిన్ మనిషిని ఎట్లా పట్టుకుంటుందో కళ్లారా చూశాను. మొదటి నెల ఆయనకు నిద్ర లేదు, అన్నం సయించలేదు, అయినదానికీ కానిదానికీ కోపమే. గెలిచారు, సంతోషమే. నా పేచీ మానడంతో కాదు, మానేశాక చెప్పుకునే ఈ తీపి కథలతో. ఆ కథల్లో ఆయనా, స్నేహితులూ, సిగరెట్టూ ఉంటారు. ఇల్లు ఉండదు.

ఇంటి సంగతి నేను చెప్తాను. మా వరండా తూర్పు ముఖం. సాయంత్రమైతే సముద్రపు గాలి నేరుగా లోపలికి కొడుతుంది. ఆయన "బయటే" తాగేవారు, ఆ పొగంతా గాలితో పాటు మా పడకగదిలోకే వచ్చేది. కర్టెన్లు ఎన్నిసార్లు ఉతికినా ఆ కంపు పోయేది కాదు. మా పాపకు అప్పుడు అయిదేళ్లు. చలికాలం వస్తే పిల్లికూతలు, ఆయాసం, అర్ధరాత్రి నెబ్యులైజర్. డాక్టరు గారు ఒకసారి సూటిగా అడిగారు: "ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా?"

"లేదండీ" అన్నాను.

పాప నా ఒళ్లో ఉంది. ఆయన పక్కనే నిలబడి ఉన్నారు. ఆయన పరువు కాపాడాలనుకున్నాను. పిల్ల ఊపిరి కంటే ఆ పరువు ఎట్లా పెద్దదయిందో ఈ రోజుకీ నాకు అర్థం కాదు. ఈ కథ ఏ బీచిలోనూ ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఇది నా ఒక్క ఇంటి గోల కాదు. 2016-17లో దేశమంతటా జరిగిన పొగాకు సర్వేలో, పొగ తాగే ఆడవాళ్లు నూటికి ఇద్దరని తేలింది. మరి ఇంట్లో పొగ సోకుతున్న పెద్దవాళ్లు? నూటికి దాదాపు 39 మంది. పసిపిల్లలు ఈ లెక్కలోకే రారు. 2008 అక్టోబర్ 2 నుంచి బస్టాండులో, ఆస్పత్రిలో, హోటల్లో సిగరెట్ తాగితే జరిమానా. ఇంటికి ఆ చట్టం రాదు. ఇంట్లో చట్టం మనమే కావాలి. మనమేం చేశాం?

నేను చేసినవి ఒప్పుకుంటాను. యాష్ ట్రే కడిగి ఎండలో బోర్లించాను. చుట్టాలు ముక్కు మూసుకుంటే ఊదుబత్తి వెలిగించాను. తొమ్మిదేళ్ల కొడుకు చేతికి డబ్బులిచ్చి అంగడికి పంపి ప్యాకెట్ తెప్పించాను. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లకు సిగరెట్లు అమ్మకూడదని 2003 నాటి చట్టమే చెప్తోంది. అమ్మినవాడిది తప్పయితే, పంపిన తల్లిది కాదా?

"నిద్ర ఆపుకోడానికి తాగేవాణ్ణి" అంటారు మా ఆయన. గుంటల కాపలా కష్టం నాకు తెలుసు. పాపను నిటారుగా ఎత్తుకుని తెల్లార్లూ నేనూ కూర్చున్నాను. నాకూ నిద్రొచ్చేది.

మనం నెల్లూరు జిల్లా ఆడవాళ్లం. చదువు నేర్చుకుందామని చేరిన దూబగుంట ఆడవాళ్లు, రోశమ్మ గారితో కలిసి 1992లో సారా మీద తిరగబడ్డారు. మరుసటి ఏడే రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. "అది మగవాళ్ల సొంత విషయం" అని వాళ్లు అనుకుని ఉంటే ఆ అంగళ్లు మూతపడేవా? సారా తాగినవాడు తూలతాడు, కొడతాడు, అందరికీ కనపడుతుంది. సిగరెట్ చప్పుడు చేయదు. అందుకే మనం దానికి ఊదుబత్తితో సరిపెట్టాం.

అంగళ్ల ముందు ధర్నా చేయమని నేననను. డాక్టరు అడిగితే నిజం చెప్పండి. పిల్లల చేత సిగరెట్లు తెప్పించకండి. వరండాలో తాగినా ఇంట్లో తాగినట్టేనని గట్టిగా చెప్పండి. మానాలనుకునేవాళ్లకు 1800-11-2356కు ఫోన్ కలిపి ఇవ్వండి. ప్యాకెట్ మీదే ఉంటుంది ఆ నంబరు, డబ్బులేమీ పడవు. మానేసినవాళ్లను మెచ్చుకోండి, తప్పు లేదు. కానీ పాత రోజుల గురించి పిల్లల ముందు మురిసిపోతుంటే, మిగతా సగం కథ మీరు చెప్పండి.

ఆ రోజు బీచిలో మా వాడు నీళ్లలో నుంచి వచ్చి నాన్న పక్కన కూర్చున్నాడు. పద్నాలుగేళ్లు వాడికి. చొక్కాలో దాచిన ప్యాకెట్టు, ఒకే అగ్గిపుల్ల కథ నోరు తెరుచుకుని విన్నాడు. వాడి కళ్లలో మెరుపు చూశాను. అప్పుడే నా నవ్వు ఆగిపోయింది.

ఇంటికి వచ్చాక, డాక్టరుకు నేను చెప్పిన అబద్ధం గుర్తు చేశాను మా ఆయనకు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాడికి నేనే చెప్తాలే" అన్నారు. ఇంకా చెప్పలేదు. వచ్చే ఆదివారం దాకా చూస్తాను, లేకపోతే నేనే చెప్తాను.