కట్టప్ప ప్రశ్న, మన ప్రశ్నలు

'బాహుబలి' మొదటి భాగం 2015 జూలై 10న విడుదలైంది. రెండో భాగం 2017 ఏప్రిల్ 28న వచ్చింది. ఈ మధ్యలో రెండేళ్లు తెలుగునాట అందరి నోటా నలిగిన ప్రశ్న ఒక్కటే: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? హోటళ్లలో, ఆటోల్లో, హాస్టళ్లలో, చివరికి మహిళా సంఘాల పొదుపు సమావేశాల్లో కూడా ప్రతివాళ్లూ తలా ఒక జవాబు అల్లుకున్నారు. రాజమాత ఆజ్ఞ అన్నారు కొందరు, కట్టు బానిస ధర్మం అన్నారు మరికొందరు. దేశంలో ఇన్ని సమస్యలుండగా ఈ గోలేమిటని మన కార్యకర్తల్లో చాలామంది విసుక్కున్నారు. ఇప్పుడు 'కల్కి', 'హనుమాన్', 'మిరాయ్' లాంటి సినిమాల మీద సాగుతున్న ఊహాగానాలు చూసీ అలాగే విసుక్కుంటున్నారు. నాకు మాత్రం ఆ విసుగు తొందరపాటుగా కనిపిస్తుంది.

కథలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దూరి, 'ఇక్కడేం జరిగి ఉంటుంది?' అని ఊహించడం సినిమా అభిమానులు కనిపెట్టిన విద్య కాదు. అది మన అమ్మమ్మల విద్య. లక్ష్మణుడు పద్నాలుగేళ్లు అడవికి పోతే ఊర్మిళ ఏమైందో వాల్మీకి పట్టించుకోలేదు. ఆ ఖాళీని తెలుగు ఆడవాళ్లు 'ఊర్మిళాదేవి నిద్ర' పాటతో నింపారు. 'లక్ష్మణదేవర నవ్వు' పాటనే చూడండి. పట్టాభిషేకం తర్వాత నిండు సభలో లక్ష్మణుడు ఉన్నట్టుండి నవ్వుతాడు. ఎందుకు నవ్వాడు? సభలో ఉన్న ఒక్కొక్కరికీ తమ లోపం గుర్తొస్తుంది, తమను చూసే నవ్వాడని తలవంచుకుంటారు. అసలు సంగతి, అడవిలో తాను వాయిదా వేసిన నిద్ర ఇప్పుడు వచ్చి తన బాకీ అడుగుతోందన్నది. కట్టప్ప ఎందుకు చంపాడు అన్నదానికంటే ఇది ఎంత లోతైన ప్రశ్నో ఆలోచించండి! పెద్దల సభలో కూర్చున్న ప్రతివాడి మనసులోనూ ఒక దొంగ ఉన్నాడని వంటింట్లోనూ వసారాలోనూ పాడుకున్న ఆడవాళ్లు తేల్చేశారు. సీతకు అన్యాయం జరిగితే రాముడి అక్క శాంత చేత గట్టిగా మాట్లాడించిందీ ఈ పాటలే. వెల్చేరు నారాయణరావు 1991లో ఇంగ్లీషులో రాసిన వ్యాసంలో ఈ పాటల్ని విశ్లేషించి, వీటిలో ఎక్కువ భాగం బ్రాహ్మణ ఇళ్ల స్త్రీలవనీ, ఇతర కులాల స్త్రీల పాటల చూపు వేరనీ చూపించారు. ఆ తేడాను మనం మరవకూడదు. ఊహించే హక్కు అందరిదీ అయినా, ఎవరి ఊహ అచ్చులోకి ఎక్కిందన్నది వేరే విషయం. ఈ దారిలోనే రంగనాయకమ్మ 'రామాయణ విషవృక్షం', ఓల్గా 'విముక్త' వచ్చాయి.

శంషాబాద్ వైపు పనిచేసేవాళ్లకు సినిమా దూరపు సంగతి కాదు. నర్కూడ పక్కన అమ్మపల్లి రామాలయం షూటింగులకు పేరుపడిన గుడి. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు ఇక్కడికి వచ్చాక తారలు దిగే దారీ ఇదే అయింది. ఎయిర్‌పోర్టులో ఊడ్చే ఆడవాళ్లు, ట్రాలీలు సర్దేవాళ్లు, హోటళ్లలో గదులు శుభ్రం చేసేవాళ్లు, వాళ్ల పిల్లలు ఈ సినిమాలు చూస్తారు, మాట్లాడుకుంటారు. మాట్లాడుకోవడంలో తప్పులేదు. కానీ ఆనాటి పాటల్లో ప్రశ్న వేసింది ఆడవాళ్లే, జవాబు చెప్పింది ఆడవాళ్లే. ఈనాడు ప్రశ్నను నిర్మాత తయారు చేసి మన చేతికిస్తున్నాడు. రెండో భాగం టికెట్టు అమ్ముడుపోవాలి కదా!

అందుకే ఆ ప్రశ్న ఎప్పుడూ మగవాడి చుట్టూ తిరుగుతుంది. దేవసేన ఇరవై ఐదేళ్లు గొలుసులతో కట్టుబడి ఎండలో ఉంది. ఆ రాజ్యంలో జనం ఇరవై ఐదేళ్లు ఆమెను చూస్తూ ఎందుకు ఊరుకున్నారన్నది రెండేళ్ల చర్చలో నా చెవిన పడలేదు. అవంతిక సంగతి మరీ అన్యాయం. కత్తి పట్టి తిరుగుతున్న పోరాట యోధురాలు. ఆమె నిద్రలో ఉండగా చేతి మీద బొమ్మ వేసి, తర్వాత ఆమె వద్దంటున్నా బట్టలు లాగి, రంగులు పూసి, 'ఇదిగో నీ అందం' అని హీరో చూపిస్తాడు. ఇది బలాత్కారమేనని ఒక విమర్శకురాలు 2015లోనే రాస్తే ఆమెను నానా మాటలూ అన్నారు. రెండో భాగంలో అవంతిక దాదాపు మాయమైంది. ఆమె ఏమైందని అడిగిన అభిమాని ఎవరు?

నాకు అన్నిటికంటే గుచ్చుకున్నది రెండో భాగంలోని సభ సన్నివేశం. గుడి వరుసలో ఆడవాళ్లను తడుముతున్న సైన్యాధిపతి వేళ్లు దేవసేన తెగ్గొడుతుంది. తన కత్తితో, తన తీర్పుతో. ఆ పనికి ఆమెనే బంధించి సభలో నిలబెడతారు. అప్పుడు బాహుబలి వచ్చి, తెగ్గొట్టాల్సింది వేళ్లు కాదంటూ వాడి తల నరుకుతాడు. హాళ్లు ఈలలతో దద్దరిల్లాయి. దేవసేన చేసిన పని ఒక్క క్షణంలో బాహుబలి ఖాతాలోకి వెళ్లిపోయింది. ఫిర్యాదు చేసిన ఆడదాన్నే ముద్దాయిగా నిలబెట్టిన ఆ సభను గురించి మాట్లాడేవాళ్లే లేకపోయారు.

రెండున్నరేళ్ల తర్వాత అదే ఈల మన రోడ్డు మీద వినిపించింది. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ తొండుపల్లి టోల్‌గేటు దగ్గర ఒక యువ పశువైద్యురాలిని నలుగురు చెరిచి, చంపి, చటాన్‌పల్లి దగ్గర తగలబెట్టారు. ఆ రాత్రి కేసు నమోదులో జాప్యం చేసినందుకు ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు. డిసెంబరు 6న తెల్లవారుజామున ఆ నలుగురు నిందితులనూ పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. హక్కుల సంఘాలవాళ్లు, మహిళా కార్యకర్తలు హైకోర్టు తలుపు తడితే, 'మీరు ఆడవాళ్లేనా?' అన్నవాళ్లున్నారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. పోలీసుల కథనం నమ్మదగినది కాదనీ, చంపాలనే కాల్చారనీ, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లనీ అందులో ఉంది. ఆ పూలకు కారణం సినిమాయేనని నేను అనను. అయితే ఆడదానికి అన్యాయం జరిగితే వీరుడొకడు వస్తాడు, తల తెగుతుంది, కథ అయిపోతుంది అన్న ఊహకు మనం ఎంతగా అలవాటుపడ్డామో ఆ రోజు తెలిసింది. బిడ్డ ఇంటికి రాలేదని కన్నవాళ్లు పోలీస్ స్టేషన్‌కు వెళ్లిన ఆ రాత్రి ఏం జరిగిందన్న ప్రశ్న పూల కింద పడిపోయింది.

2024 జూన్ 27న వచ్చిన 'కల్కి 2898 ఏడీ'లో ఈ సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. కాంప్లెక్స్ అనే చోట గర్భం దాల్చగల ఆడవాళ్లను బంధించి, గర్భం మోయించి, సీరం పిండుకుంటారు. వాళ్లకు పేర్లుండవు, నంబర్లుంటాయి. సమ్-80 అన్న నంబరే సుమతి అన్న పేరయింది. అభిమానులు తేల్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి: కర్ణుడు గొప్పవాడా అర్జునుడా, కృష్ణుడి ముఖం ఎవరిది, అశ్వత్థామ ఎంతకాలం కాపలా కాస్తాడు... మా దగ్గర టైలరింగ్ నేర్చుకునే ఆడపిల్లల్లో కూడా ఈ చర్చే నడిచింది. పదిహేడేళ్ల పిల్ల ఒకతె మాత్రం, "అక్కా, సుమతిని ఎవరన్న అడిగిన్రా, నీకీ బిడ్డ కావాల్నా వద్దా అని?" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇంకొకతె అందుకుంది: "దేవుడు పుడుతుండంటే అడిగేదేముంది?" అక్కడి నుంచి చర్చ ఎవరూ పెట్టకుండానే పెళ్లిళ్ల మీదికి, మొదటి కాన్పు మీదికి, పిల్లలు పుట్టకుండా చేయించుకునే ఆపరేషన్ ఎప్పుడూ ఆడదానికేనా అన్నదాని మీదికి మళ్లింది. పునరుత్పత్తి హక్కులు అని నేను నల్లబల్ల మీద రాసి చెప్పిన రోజున ఇందులో సగం మాటలు కూడా బయటికి రాలేదు.

2025 సెప్టెంబరులో ఈ సినిమా రెండో భాగంలో దీపికా పదుకొణె ఉండరని నిర్మాతలు ప్రకటించారు. ఆ సినిమాకు తగినంత నిబద్ధత కావాలన్నట్టు ఆ ప్రకటనలో ఉంది. అంతకు సరిగ్గా ఏడాది ముందు ఆమె తల్లయ్యారు. ఎనిమిది గంటల పని కావాలన్నారన్న వార్తలు అప్పటికే నడుస్తున్నాయి. మగ తారలు ఏళ్లుగా ఎనిమిది గంటలే పనిచేస్తున్నా అది వార్త కాలేదని తర్వాత ఆమే అన్నారు. అభిమానుల ఊహలు వెంటనే 'ఆమె బదులు ఎవరు?' అన్నదాని వైపు పరుగెత్తాయి. కోట్లు తీసుకునే తార కష్టం మనకెందుకంటారా? అదే ఏడాది జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది, వారానికి నలభై ఎనిమిది గంటలు మించకుండా. ఎయిర్‌పోర్టు చుట్టూ షిఫ్టుల్లో పనిచేస్తూ, ఇంట్లో పాలు తాగే పిల్లను వదిలి వచ్చే తల్లిని ఈ రెండు వార్తలూ పక్కపక్కన పెట్టి అడగండి, ఏమంటుందో.

ఈ సినిమాలు చూడొద్దని మన పిల్లలకు చెప్పే కార్యక్రమం పెట్టుకుంటే మనం ఓడిపోతాం, అది నిశ్చయం. వాళ్ల ఊహాగానాల మధ్య వెళ్లి కూర్చోవడం నయం. దేవసేన గొలుసులు, అవంతిక మాయం కావడం, 'హనుమాన్'లో తమ్ముణ్ణి వీరుణ్ణి చేయడానికి చచ్చిపోయిన అంజమ్మ, 'మిరాయ్'లో లోకం కోసం బిడ్డను వదులుకున్న అంబిక, వీళ్లందరి గురించీ సమావేశంలో ఒక గంట పెట్టండి. ఊళ్లో 'లక్ష్మణదేవర నవ్వు' వచ్చిన ముసలమ్మ ఎవరైనా ఉంటే ఆమెను కూర్చోబెట్టి పాడించండి. బతుకమ్మ పాటల్లో, నాట్ల పాటల్లో సీత, రేణుక, ఎల్లమ్మ ఎలా ఉన్నారో దళిత, బహుజన స్త్రీలను అడిగి రాసుకోండి. మా పిల్లలు ఇప్పుడు పట్టుకున్న ప్రశ్న ఇంకొకటుంది. కాంప్లెక్స్‌లో పడకముందు సుమతి పేరేమిటి, ఆమె ఊరేది, ఆమె కోసం ఎవరైనా వెతికారా? ముగ్గురు మూడు కథలు రాశారు. ఒక దాంట్లో ఆమెకు అమ్మ ఉంది, వెతుకుతూనే ఉంది.