ఓఝాను ఓడించాం, పిల్లను అడగలేదు

మాది జంషెడ్‌పూర్. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. అలా వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్ళో చాలా వున్నాయి. బిష్టుపూర్ రామమందిరంలో ఉత్సవమంటే కదమా నుంచీ, సోనారీ నుంచీ జనం కదిలివస్తారు. హేతువాదులం మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మందిమే.

పోక్సో చట్టం రాకముందు జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

మా వీధిలో తొమ్మిదేళ్ళ పాప వున్నట్టుండి మాట తగ్గించేసింది. రాత్రిళ్ళు పక్క తడిపేది. నిద్రలో ఉలిక్కిపడి లేచేది. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టారు. తగ్గలేదని ఓఝాను పిలిపించారు. ఓఝా అంటే ఈ ప్రాంతంలో భూతవైద్యుడు. అతను నిమ్మకాయ కోసి ఎర్రటి రసం చూపించి, పిల్లలో వున్న దయ్యం రక్తమన్నాడు.

ఈ కబురు తెలిసి నేనూ, మరో మిత్రుడూ వెళ్ళాం. కత్తికి మందార పువ్వు రుద్ది మేమూ నిమ్మకాయ కోశాం. అదే ఎర్ర రసం! ఓఝా సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. వీధంతా నవ్వింది. మేం గెలిచామనుకుని టీ తాగి ఇళ్ళకు పోయాం.

దయ్యం కాదని రుజువు చేశాం. మరేమిటి అని అడగలేదు. కారణం వెతకని హేతువాదం సగం హేతువాదమే కదా? ఆ పూట ఆ పాప తలుపు పక్కన నిలబడి మమ్మల్నే చూస్తోంది. నాకు బాగా గుర్తు.

ఏడాది తర్వాత ఆమె బడిలో టీచరుకు చెప్పింది. ఇంటికి వచ్చిపోయే బంధువే. అక్కడ మొదలైంది రెండో బాధ. టీచరుకు చెప్పినదే హెడ్మాస్టరుకు చెప్పాలి. తర్వాత తల్లిదండ్రులకు, పోలీసులకు, డాక్టరుకు, మేజిస్ట్రేటుకు, ప్లీడరుకు. ప్రతిచోటా కొత్త మనిషి, కొత్త ప్రశ్నలు. దీపావళికి ముందా, తర్వాతా అని అడిగితే ఒకచోట ముందని, మరొకచోట తర్వాతని చెప్పింది. కోర్టులో ఆ తేడానే పట్టుకున్నారు. వాళ్ళమ్మకు హిందీ అంతంత మాత్రం. ఆమె తెలుగులో చెప్పింది రాసుకున్నవారు లేరు. చివరికి కేసు వదిలేసి ఆ కుటుంబం స్వగ్రామానికి వెళ్ళిపోయింది.

ఇది అరుదైన కథ కాదు. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి 2007లో నివేదిక ఇచ్చింది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని 53 శాతం పిల్లలు చెప్పారు. వేధించినవారిలో సగం మంది తెలిసినవారే. ఎక్కువమంది పిల్లలు ఎవరికీ చెప్పుకోలేదు.

ఇక్కడ సంశయవాది అడగవలసిన ప్రశ్న ఒకటుంది. పిల్లలు చెప్పేదంతా నిజమేనా? అడగండి, తప్పులేదు. అయితే సమాధానం కూడా శాస్త్రీయంగానే వెతకాలి.

అమెరికాలో మెక్‌మార్టిన్ నర్సరీ బడి కేసు 1983లో మొదలైంది. వందలాది పిల్లలను మాటిమాటికీ, జవాబు నోటికందిస్తూ ప్రశ్నించారు. బడి కింద సొరంగాలున్నాయని, మంత్రగత్తెలు గాలిలో ఎగిరారని పిల్లలు చెప్పారు. 1990లో ఒక్క శిక్షా పడకుండానే కేసు ముగిసింది. దోషం పిల్లలది కాదు, అడిగిన తీరుది. పెద్దవాళ్ళు ఏం వినాలనుకుంటున్నారో పిల్లలు పసిగడతారు. ఓఝా అడిగితే దయ్యమంటారు, నిందితుడి బంధువు అడిగితే ఏమీ జరగలేదంటారు. ఎలా అడిగామన్నది సాక్ష్యంలో భాగమే.

అందుకే 1990ల్లో మైకేల్ లాంబ్, ఆయన సహచరులు ఒక పద్ధతి రూపొందించారు. "ఏం జరిగిందో చెప్పు" అని వదిలేయాలి. "అతను ఇలా చేశాడా?" అని అందించకూడదు. అంతకుముందే 1985లో అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్‌లో బడ్ క్రేమర్ అనే జిల్లా అటార్నీ తొలి బాలల సహాయ కేంద్రం స్థాపించాడు. అక్కడ శిక్షణ పొందిన ఒక్క మనిషి పిల్లతో మాట్లాడతారు. పోలీసు, ప్లీడరు, సంక్షేమాధికారి మరో గదిలోంచి చూస్తారు. డాక్టరు, కౌన్సెలరు అక్కడే దొరుకుతారు. పిల్ల ఆఫీసుల చుట్టూ తిరగదు, ఆఫీసులే పిల్ల దగ్గరకు వస్తాయి. ఐస్‌లాండ్‌లో 1998లో ఇలాంటి ఇల్లే తెరిచారు. హైదరాబాదులో 2016లో మొదలైన భరోసా కేంద్రం ఈ దారిలోదే. ఇది సర్వరోగ నివారిణి కాదు. కాని పిల్లకూ మేలు, నిజానికీ మేలు. నిర్దోషికీ రక్షణే.

మన చట్టం ఇందుకు అడ్డం కాదు. 2012 నాటి పోక్సో ప్రకారం పిల్ల వాంగ్మూలం ఇంటి దగ్గర గాని, పిల్ల కోరిన చోట గాని తీసుకోవాలి. పోలీసు యూనిఫారంలో వుండకూడదు. కోర్టుకు పదేపదే పిలవకూడదు. పిల్ల భాష రాకపోతే అనువాదకుణ్ణి పెట్టాలి. 2020 నిబంధనల ప్రకారం మొదటి నుంచి చివరిదాకా తోడుండే సహాయక వ్యక్తిని నియమించవచ్చు. అనువాదకుల, సహాయకుల జాబితా జిల్లా బాలల రక్షణ విభాగం దగ్గర వుండాలి. కాగితం మీద ఇంత వుంది. వీటన్నిటినీ కలిపి పట్టుకునే చెయ్యి కావాలి.

అయితే కలిసి పనిచేయడం వేరు, కుమ్మక్కు కావడం వేరు. 2021లో మా ఊళ్ళోనే టెల్కో ప్రాంతంలోని ఒక పిల్లల ఆశ్రమంలో లైంగిక వేధింపుల ఆరోపణలు వచ్చాయి. ఆ ఆశ్రమ నిర్వాహకుడి భార్యే అప్పట్లో జిల్లా బాలల సంక్షేమ సమితి అధ్యక్షురాలు. ఎవరు దోషులో తేల్చడం న్యాయస్థానం పని. నేనడిగేది ఒక్కటే. ఫిర్యాదు వినవలసిన మనిషిది, ఫిర్యాదు ఎవరి మీదో ఆ మనిషిది ఒకే ఇల్లయితే పిల్ల ఎవరికి చెప్పుకోవాలి?

ఈ ఊరికి చేతకాదని నేననుకోను. మంత్రగత్తె అని ముద్రవేసి స్త్రీలను హింసించే ఆచారం మీద జంషెడ్‌పూర్‌లోని ఫ్రీ లీగల్ ఎయిడ్ కమిటీ 1990ల్లో పోరాడింది. ఆ కృషి ఫలితంగానే 1999లో అప్పటి బీహారులో చట్టం వచ్చింది. 2001లో జార్ఖండ్ దాన్ని స్వీకరించింది. కొద్దిమంది పట్టుబడితేనే అది సాధ్యమైంది.

మిత్రులారా, మనం చేయగలిగింది చాలా వుంది. తెలుగు, హిందీ రెండూ వచ్చినవాళ్ళం అనువాదకుల జాబితాలో పేరు నమోదు చేయించుకుందాం. ఒక్క గది, ఒక్క శిక్షితుడు, బయటివారి పర్యవేక్షణ వున్న కేంద్రం ఈ జిల్లాకు కావాలని అడుగుదాం. పిల్ల ఏదైనా చెబితే విందాం. మనమే దర్యాప్తు మొదలుపెట్టవద్దు, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వవద్దు. ఆమె అన్న మాటలు అన్నట్టే రాసుకుని 1098కి గాని పోలీసుకు గాని చెబుదాం. అది దయ కాదు, పోక్సో 19వ సెక్షను మనందరి మీదా పెట్టిన బాధ్యత.

నేనిప్పటికీ ఓఝాల గుట్టు విప్పడానికి వెళుతూనే వున్నాను. నిమ్మకాయ, మందార పువ్వు సంచీలోనే వుంటాయి. కాని ఓఝా వెళ్ళిపోయాక నేను వెంటనే లేచి రావడం లేదు. పిల్లకు నిద్ర ఎప్పటినుంచి పట్టడం లేదని తల్లిని అడుగుతాను. డాక్టరు దగ్గరకు తోడు వెళతాను. నా పని అక్కడ మొదలవుతుందని తెలుసుకోవడానికి చాలా ఆలస్యమైంది.