బిల్లు మీద పోగు పేరు రాయాలి

చెన్నపట్నం బట్టల వర్తకులకు, పెళ్లి బట్టల కోసం ఈ ఊరికి వచ్చే తెలుగు కుటుంబాలకు, అధికారులకు విన్నపం

టి. నగర్ ఉస్మాన్ రోడ్డులో బంగారం కొట్లూ పట్టుచీరల కొట్లూ పక్కపక్కనే ఉంటాయి. బంగారం కొట్లో మూడు గ్రాముల ఉంగరం కొన్నా దాని మీద హాల్‌మార్కు ఉండాలి. 2021 జూన్ 16 నుంచి అది తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు స్థానాల గుర్తింపు సంఖ్య కూడా ఉండాలన్నారు. అక్కణ్ణుంచి నాలుగడుగులు వేసి చీరల కొట్లోకి వెళ్లండి. ముప్పై వేలు పెట్టి ముహూర్తపు చీర తీసుకుంటే, చేతికొచ్చే బిల్లులో చాలాసార్లు ఉండేది "శారీ 1" అన్న మాట, ధర, పన్ను. అది అచ్చంగా పట్టా, సగం పట్టా, అసలు పట్టే కాదా అన్నది అమ్మినవారి నోటిమాటే. రేపు తేడా బయటపడితే ఆ మాటను ఎవరి ముందు పెట్టి న్యాయం అడగగలం?

మేము అడిగేది ఇది. చెన్నైలో అమ్మే ప్రతి చీరకూ, పంచెకూ, జాకెట్టు గుడ్డకూ ఇచ్చే బిల్లు మీద, అది ఏ పోగుతో నేసిందో, ఏ పోగు ఎంత శాతమో రాయాలి. పడుగు (నిలువు పోగు) ఒకటి, పేక (అడ్డం పోగు) ఒకటి అయితే రెండూ విడివిడిగా రాయాలి. జరీ ఉంటే ఏ జరీయో చెప్పాలి. రాసినది నిజమో కాదో కొన్నవాళ్లు తక్కువ రుసుముతో తేల్చుకునేందుకు ఒక పరీక్ష కౌంటరు బజారులోనే తెరవాలి.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. ఒక పోగు పొలం నుంచి మన ఒంటి మీదికి వచ్చే దారిని ఒక్కసారి చూడండి. గుంటూరులోనో వరంగల్‌లోనో రైతు పత్తి తెస్తే ముందు తేమ కొలుస్తారు. కాటన్ కార్పొరేషన్ పూర్తి మద్దతు ధర ఇచ్చేది తేమ 8 శాతం దాకానే. ఆపైన కోత పడుతుంది, 12 దాటితే తిప్పి పంపేస్తారు. పత్తి మిల్లుకు చేరాక పోగు పొడవు, సన్నదనం, బలం యంత్రం మీద కొలుస్తారు. ముడి పట్టు వ్యాపారంలో 11 శాతం తేమను ప్రమాణంగా పెట్టుకుని బరువు లెక్కిస్తారు, ఎందుకంటే పట్టు పేరుతో నీళ్లు కొనడానికి ఏ వర్తకుడూ ఒప్పుకోడు. రైతుకు పరీక్ష ఉంది, మిల్లుకు పరీక్ష ఉంది, దళారీకి రక్షణ ఉంది. అందరికంటే ఎక్కువ ధర పెట్టి, చివర కొని, ఒంటికి చుట్టుకునే మనిషికి మాత్రం ఏదీ లేదు.

విదేశీ కొనుగోలుదారుకు ఆ రక్షణ ఉంది. అమెరికా 1958లోనే పోగుల పేర్లూ శాతాలూ బట్ట మీద రాసి తీరాలని చట్టం చేసింది. ఐరోపా సమాఖ్యలో 2011 నాటి 1007వ నిబంధన అదే చెబుతోంది. అందుకే మన చెన్నై చుట్టుపక్కల కుట్టి ఓడ ఎక్కించే చొక్కాకు "కాటన్ 60, పాలిస్టర్ 40" అని చీటీ ఉంటుంది. దేశంలో అమ్మే బట్టకూ ఎగుమతి సరుకుకూ నాణ్యత చూడటానికి 1963 నాటి చట్టంతో టెక్స్‌టైల్స్ కమిటీ వచ్చింది, దానికి ఈ ఊళ్లోనే ప్రయోగశాల ఉంది. న్యూయార్క్‌లో తొడుక్కునేవాడికి చెప్పగలిగిన సంగతి నెల్లూరు నుంచి వచ్చిన పెళ్లివారికి ఎందుకు చెప్పలేం?

చరిత్ర చూస్తే ఈ అన్యాయం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఈ ఊరు పుట్టిందే బట్ట కోసం. 1639లో దామెర్ల నాయకుల దగ్గర ఈ ఇసుక తీరాన్ని ఇంగ్లీషు కంపెనీ పుచ్చుకున్నది ఇక్కడి నూలు గుడ్డలు చవకగా దొరుకుతాయనే. వచ్చిన ప్రతి తానునూ కోటలోని గోదాములో మాదిరి గుడ్డతో పోల్చి చూసేవారు. సరితూగనిది ధర తగ్గించడమో తిప్పికొట్టడమో చేసేవారు. చాకిరేవుల కోసం వాషర్‌మన్‌పేట వచ్చింది. నేతకారులను కూర్చోబెట్టడానికి 1734లో చింతాద్రిపేట కట్టారు, అదీ సుంకురామ అనే తెలుగు దుబాసీ తోట ఉన్న చోట. చీరాల ప్రాంతపు మగ్గాల మీద నేసిన రుమాళ్లు మద్రాసు పేరుతో పశ్చిమాఫ్రికా దాకా వెళ్లాయి. ఇన్ని వందల ఏళ్లుగా ఈ ఊళ్లో బట్టను పరీక్షించడం తెలుసు. ఆ పరీక్ష ఎప్పుడూ సముద్రం అవతలి కొనుగోలుదారు కోసమే జరిగింది.

పోగు ఏదైతే ఏం, చూడ్డానికి బాగుంటే చాలదా అనేవారున్నారు. చాలదు. గాలిలో తేమ 65 శాతం, వేడి 27 డిగ్రీలు ఉన్నప్పుడు, పూర్తిగా ఆరబెట్టిన 100 గ్రాముల పత్తి సుమారు ఎనిమిది గ్రాముల నీటిని పీల్చుకుంటుంది. పట్టు 11 గ్రాములు, ఉన్ని 16 గ్రాముల దాకా పీల్చుకుంటాయి. పాలిస్టర్ అర గ్రాము కూడా పీల్చుకోదు. చెన్నైలో కత్తిరి ఎండల్లో సముద్రపు ఉక్కకు చెమట ఆరక ఒళ్లంతా పేలిపోయే వారికి ఈ తేడా చర్మం మీదే తెలుస్తుంది. నిప్పు దగ్గర ఇంకో తేడా ఉంది. పత్తి తొందరగా అంటుకుని బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది, ఆ గాయం లోతుగా ఉంటుంది. వంటింట్లోకి, దీపావళి మతాబుల దగ్గరికి ఏ బట్టతో వెళుతున్నామో తెలుసుకోవడం తల్లులకు అవసరం.

పాలిస్టర్‌ను మేము తిట్టడం లేదు. అది ముడత పడదు, త్వరగా ఆరుతుంది, ఏళ్ల తరబడి మన్నుతుంది, చేతిలో డబ్బు తక్కువున్న ఇంటికి ఆసరా. అది పాలిస్టర్ అని చెప్పి, పాలిస్టర్ ధరకు అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు.

పోగు లాగి అగ్గిపుల్ల గీసి చూపిస్తారు కదా, అది చాలదా అని అడగవచ్చు. ఈ పరీక్ష మంచిదే, అందరూ నేర్చుకోవలసిందే. పట్టు పోగు మెల్లగా కాలుతుంది, జుట్టు కాలిన వాసన వస్తుంది, నిప్పు తీసేస్తే ఆరిపోతుంది, చివర మిగిలిన నల్లటి ఉండను వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. నూలు పోగు కాగితం కాలిన వాసనతో కాలి మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టర్ కరిగి, నల్లటి పొగ వదిలి, నలగని గట్టి పూసగా మారుతుంది. కానీ ఇందులో కంతలు చాలా ఉన్నాయి. విస్కోస్ కూడా నూలు లాగే కాలుతుంది. చెక్క గుజ్జు నుంచి తీసిన ఆ పోగును పత్తి నుంచి విడదీయడం అగ్గిపుల్ల వల్ల కాదు. రెండు మూడు పోగులు కలిపి వడికిన దారంలో వాసనలు కలిసిపోతాయి. అన్నిటికంటే పెద్ద మోసం పడుగు, పేకల దగ్గర జరుగుతుంది. పడుగు పట్టు వేసి పేకకు పాలిస్టర్ వాడిన చీరలో పడుగు పోగు ఒక్కటి లాగి కాల్చి చూపిస్తే చూసినవారు నమ్మక ఏం చేస్తారు? అందుకే కొట్లో ఎవరైనా ఈ పరీక్ష చేసి చూపిస్తే నిలువు పోగూ అడ్డం పోగూ రెండూ అడగండి. ఒంటి దగ్గరొకటి, కొంగు దగ్గరొకటి అడగండి. ఇంట్లో చేస్తే పిల్లలను దూరంగా పెట్టి, నీళ్లు పక్కన పెట్టుకుని, పట్టకారుతో చేయండి.

జరీ సంగతి ఇంకా చిక్కు. అసలు జరీలో నడుమ పట్టు దారం, దాని చుట్టూ చదును చేసిన వెండి తీగ, పైన బంగారు పూత ఉంటాయి. బజారులో "టెస్టెడ్ జరీ" అని ఒకటి అమ్ముతారు. ఆ పేరు విని పరీక్షకు నిలిచిన జరీ అనుకుంటారు పాపం. అది వెండి పూత పూసి బంగారు రంగు తెప్పించిన రాగి తీగ. దానికంటే చవకది ప్లాస్టిక్ జరీ. ఈ మూడింటి ధరల మధ్య పోలికే లేదు. నగల కొట్లో బంగారం స్వచ్ఛత చూసే ఎక్స్-రే యంత్రమే జరీలో వెండి ఎంతో, రాగి ఎంతో చీరకు చిల్లు పడకుండా చెప్పగలదు. ఆ యంత్రాలు ఉస్మాన్ రోడ్డులో ఇప్పటికే ఉన్నాయి, చీరల కోసం కొత్తగా కనిపెట్టాల్సింది ఏదీ లేదు.

ప్రయోగశాలలో పోగు తేల్చడం కూడా పెద్ద బ్రహ్మవిద్య కాదు. పోగులను గుర్తుపట్టే పద్ధతులను ఐఎస్ 667 అన్న భారతీయ ప్రమాణం ఎప్పుడో రాసి పెట్టింది. సూక్ష్మదర్శిని కింద పత్తి మెలికలు తిరిగిన పట్టీగా కనబడుతుంది, ఉన్ని మీద పొలుసులుంటాయి, పట్టును అడ్డంగా కోస్తే ముక్కోణం తెలుస్తుంది. మరిగే కాస్టిక్ సోడా ద్రావణంలో పట్టు, ఉన్ని కరిగిపోతాయి, పత్తి మిగులుతుంది. 75 శాతం గంధకామ్లంలో పత్తి కరిగి పాలిస్టర్ మిగులుతుంది. మిగిలినదాన్ని కడిగి, ఆరబెట్టి, తూకం వేస్తే శాతం వస్తుంది. పోగు పేరు తెలియడానికి అంచు నుంచి తీసిన కొన్ని పోగులు చాలు. శాతం కోసం ఒకటి రెండు గ్రాముల గుడ్డ కావాలి, అది కుట్టని జాకెట్టు ముక్కలోంచి ఇవ్వవచ్చు. పేక చీరంతా ఒకటే అయినప్పుడు ఆ ముక్క చీర గుట్టు కూడా చెబుతుంది.

సిల్క్ మార్కు ఉంది కదా అని కొందరు అడుగుతారు. ఉంది, మంచిది. సెంట్రల్ సిల్క్ బోర్డు ప్రోత్సాహంతో 2004లో వచ్చిన ఆ హోలోగ్రాం చీటీ ఉన్న చీరనే కొనమని మేమూ చెబుతాం. కానీ అది ఇష్టమైన వర్తకులు తీసుకునేది, అందరికీ నిర్బంధం కాదు. పట్టు అని చెబుతుందే గాని చేనేతో మరమగ్గమో చెప్పదు, జరీ వెండిదో రాగిదో చెప్పదు. చేనేతకు 2006లో హ్యాండ్లూమ్ మార్కు వేరే వచ్చింది. 2015 ఆగస్టు 7న ఈ చెన్నైలోనే తొలి జాతీయ చేనేత దినోత్సవం జరిపి ఇండియా హ్యాండ్లూమ్ బ్రాండు ప్రకటించారు. ఇన్ని గుర్తులున్నా, ఏ గుర్తూ లేని చీర ఏ పోగుదో కొన్నవాళ్లకు తెలియదు. మోసం అక్కడే నడుస్తోంది.

వర్తకులు అనే మాట మాకు తెలుసు: "గోడౌన్ వీధిలో కొన్నాం, సూరత్ నుంచి వచ్చింది, అందులో ఏముందో మాకేం తెలుసు?" అయ్యా, మీ పన్ను కాగితాలకు తెలుసు. జీఎస్టీలో సరుకుకు వేసే హెచ్‌ఎస్‌ఎన్ కోడు పోగును బట్టే మొదలవుతుంది. బట్టకు 50 పట్టు, 51 ఉన్ని, 52 పత్తి, 53 జనపనార వంటి ఇతర నారలు, 54, 55 మనిషి తయారు చేసిన పోగులు. ఏడాదికి ఐదు కోట్లు దాటి వ్యాపారం చేసే కొట్టు ఇచ్చే బిల్లు మీద ఆరంకెల కోడు ఉండాలి. పాఠకులారా, ఇంట్లో ఉన్న పాత చీర బిల్లు తీసి మొదటి రెండంకెలు చూడండి. పట్టు అని చెప్పి అమ్మినదానికి 54 అని ఉంటే మీకు జవాబు అక్కడే దొరికింది. అయితే బరువులో ఏ పోగు ఎక్కువైతే బట్ట ఆ కోడులోకి వెళ్లిపోతుంది గనుక మిగతా భాగంలో ఏముందో కోడు చెప్పదు. శాతం రాయమని మేము పట్టుబట్టేది అందుకే.

ఇది నిజాయితీ గల వర్తకుడికి నష్టం కాదు. అచ్చమైన కంచిపట్టు అమ్మేవాడు ఈ రోజు పక్క కొట్టు నకిలీ ధరతో పోటీ పడలేక నలిగిపోతున్నాడు. నేతకారుల మాట ఇంకా ముఖ్యం. కంచిలో, ఆరణిలో, వెంకటగిరిలో, ఉప్పాడలో మగ్గం మీద రోజుల తరబడి కూర్చున్న మనిషి కూలిని మరమగ్గపు పాలిస్టర్ ఒక్క పూటలో మింగేస్తోంది. పల్లావరం దగ్గర అనకాపుత్తూరులో ఒకప్పుడు నైజీరియాకు వెళ్లే మద్రాసు రుమాళ్లు నేసిన చోట, ఆ గిరాకీ పడిపోయాక అరటినార, జనపనార కలిపి చీరలు నేస్తున్నారు. వాళ్ల బట్టకున్న విలువంతా ఆ నారలోనే ఉంది. బిల్లు మీద నార పేరు, శాతం పడితే వాళ్లకు అంతకు మించిన ప్రకటన అక్కర్లేదు. చిన్న నేతకారులకు, సహకార సంఘాలకు పరీక్ష రుసుము మాఫీ చేయాలని కూడా కోరుతున్నాం.

మొదలు కో-ఆప్టెక్స్ నుంచి పెట్టవచ్చు. 1935లో పుట్టిన ఆ సహకార సంస్థ తన కొట్లన్నిటిలో రేపటి నుంచే పోగుల శాతం బిల్లు మీద వేస్తే, ప్రైవేటు కొట్లు వేయలేం అనడానికి నోరుండదు. పరీక్ష కౌంటరు కోసం కొత్త భవనం కట్టనక్కర్లేదు. టెక్స్‌టైల్స్ కమిటీ ప్రయోగశాల, అన్నా విశ్వవిద్యాలయపు టెక్స్‌టైల్ టెక్నాలజీ శాఖ, తరమణిలోని నిఫ్ట్, అన్నీ ఈ ఊళ్లోనే ఉన్నాయి. టి. నగర్‌లో ఒక గది, ఒక సూక్ష్మదర్శిని, ఇద్దరు సాంకేతికులు ఉంటే పోగు పేరు అప్పటికప్పుడు చెప్పవచ్చు. శాతం తేల్చాల్సిన నమూనాలను ప్రయోగశాలకు పంపవచ్చు. ముహూర్తాల నెలల్లోనూ, దీపావళికి ముందూ నడిపి చూడమని రాష్ట్ర చేనేత శాఖను, వినియోగదారుల రక్షణ శాఖను అడుగుతున్నాం.

అంతవరకు మనం చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. డబ్బు కట్టే ముందు కౌంటరు దగ్గర అడగండి: "ప్యూర్ పట్టు అన్నారు కదా, ఆ మాట బిల్లు మీద రాసి ముద్ర వేయండి. పడుగు, పేక, జరీ మూడూ రాయండి." రాయనంటే చీర అక్కడే పెట్టి లేవండి. పెళ్లి బట్టలకు పదిమంది కలిసి వెళతాం గనుక పదిమందీ ఆ మాటే అనండి. రాసిచ్చిన తరువాత అనుమానం వస్తే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల సహాయ నంబరు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళితే, కమిషన్ నమూనాకు ముద్ర వేసి ప్రయోగశాలకు పంపగలదు, ప్రయోగశాల 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు, పరీక్ష ఖర్చు మాత్రం ముందు మనల్ని కట్టమనవచ్చు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. కాబట్టి పోగు పేరు రాయించుకున్న బిల్లును చీర మడతలో పెట్టి కనీసం రెండేళ్లు దాచండి, దాని ఫోటో ఒకటి తీసి ఇంట్లో ఇంకొకరి ఫోనులో కూడా ఉంచండి.

ఇట్లు,
చెన్నపట్నంలో బట్టలు కొనుక్కునే తెలుగువాళ్లం