ప్రాసెసర్ సంగతి తర్వాత, బిల్లు సంగతేంటి?

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టు తెరిచేవాళ్లు చవకలో కంప్యూటర్ కావాలంటే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్తారు. ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఎన్నో తరం అంటూ బేరం మొదలవుతుంది. బిల్లు దేంట్లో కొట్టాలి, పండగ రద్దీలో పెట్టె మొరాయిస్తే ఎవరొచ్చి చూస్తారు అన్నది డబ్బు చేతులు మారాక గుర్తొస్తుంది.

ఈ తలకిందుల బేరం ఇప్పటిది కాదు. ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ 1967లోనే హైదరాబాద్‌లో పుట్టినా, దాని కంప్యూటర్లు చిన్న కొట్ల కోసం చేసినవి కావు. 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం తెచ్చి, దిగుమతి సుంకాలు తగ్గించాకే ఐబీఎం పీసీని పోలిన యంత్రాలు మధ్యతరగతి వ్యాపారి ఊహకు అందాయి. చవక రకాల్లో హార్డ్ డిస్క్ ఉండేది కాదు. 360 కేబీ ఫ్లాపీలు రెండు: ఒకదాంట్లో ప్రోగ్రాం, రెండోదాంట్లో పద్దులు. పైగా స్టెబిలైజరు, ప్రింటరు, రిబ్బన్ల ఖర్చు వేరే.

ఇంతా పెట్టి కొన్నా, మన పద్దు రాసే ప్రోగ్రాం ఏది?

అమెరికాలో ఆ చిక్కు ముందే తీరింది. 1979లో వచ్చిన లెక్కల ప్రోగ్రాం విజికాల్క్ కోసమే చాలామంది ఆపిల్ 2 కంప్యూటర్ కొన్నారు. 1981లో ఆస్‌బోర్న్ 1 కంప్యూటర్ ధర 1,795 డాలర్లు. వర్డ్‌స్టార్, సూపర్‌కాల్క్ ప్రోగ్రాంలు అందులోనే కలిపి ఇచ్చారు. ఇక్కడ బట్టల మిల్లులకు విడిభాగాలు సరఫరా చేసే శ్యామ్ సుందర్ గోయెంకాకు తన లెక్కలకు సరిపోయే సాఫ్ట్‌వేర్ దొరకలేదు. కొడుకు భరత్ చేత రాయించుకున్నారు. 1986లో బెంగళూరులో అలా మొదలైనదే నేటి ట్యాలీ. వ్యాపారి అవసరం ముందు, యంత్రం వెనక నడిచిన అరుదైన సందర్భమది.

అలాగని ప్రాసెసర్ తరం అడగడం తప్పేమీ కాదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఆపైవే పనికొస్తాయి. ఆరో తరం పెట్టె అగ్గువకు ఎందుకొస్తోందో దీంతో తెలిసిపోతుంది. బిల్లింగుకు ఐ7 మాత్రం దండగ.

ఎల్బీ నగర్‌లో సరుకు లారీకెక్కించే హోల్‌సేల్ కొట్టుకు ఇంకో లెక్క ఉంది. జీఎస్టీలో మామూలుగా సరుకు ఇన్‌వాయిస్ మూడు ప్రతులుండాలి: కొన్నవారికి, రవాణాదారుకు, అమ్మినవారికి. కార్బన్ పెట్టి ఒక్క దెబ్బకు మూడూ కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరును కొందరు అందుకే వదలరు. అలాంటివారు ఆ ప్రింటరును ఆటోలో వేసుకుని కంప్యూటర్ కొట్టుకే తీసుకెళ్లాలి. అక్కడే తగిలించి, మూడు ప్రతుల బిల్లు ఒకటి కొట్టించి చూశాకే డబ్బు తీయాలి.