సర్టిఫికెట్ పచ్చగానే ఉంది.. మరి కాలువ సంగతేంటి?

అమలాపురం: ఈమధ్య కాలేజీల్లో 'గ్రీన్ ఆడిట్' అనే మాట బాగా వినిపిస్తోంది. న్యాక్ బృందం వస్తుందంటే చాలాచోట్ల చెట్లకు పేర్ల బోర్డులు వెలుస్తాయి, చెత్తబుట్టలకు కొత్త రంగులు పడతాయి, గోడల మీద నినాదాలు కనిపిస్తాయి. బృందం వెళ్లిపోయాక ఆ బుట్టల్లోని చెత్త ఎటు పోతోందని అడిగేవాళ్లు తక్కువ.

ఈ హడావుడికి కారణం ఉంది. న్యాక్ పెట్టిన ఏడు ప్రమాణాల్లో చివరిది సంస్థ విలువలకు సంబంధించింది. ఇంధన పొదుపు, నీటి సంరక్షణ, వ్యర్థాల నిర్వహణ, పర్యావరణ ఆడిట్ అందులోనే వస్తాయి. పర్యావరణ హిత క్యాంపస్‌ల కోసం యూజీసీ 'సతత్' పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో సుస్థిర అభివృద్ధి లక్ష్యాలకు ప్రత్యేక విభాగం కూడా చేరింది. అందులో మద్రాస్ ఐఐటీ మొదటి స్థానంలో నిలిచింది. అంటే పచ్చదనానికి ఇప్పుడు మార్కులున్నాయి. అది మంచిదే. కానీ మార్కులు దేనికి వేస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

లెక్క ఎక్కడ తప్పుతోంది?

ఆర్థిక ఆడిట్‌లో ప్రారంభ నిల్వ, ముగింపు నిల్వ రెండూ ఉంటాయి. మధ్యలో వచ్చిందెంత, పోయిందెంత అన్నది రసీదులతో సహా చూపించాలి. గ్రీన్ ఆడిట్‌లో తరచూ ఈ పద్ధతే కనబడదు. నాటిన మొక్కల సంఖ్య రాస్తారు, మూడేళ్ల తర్వాత బతికినవి ఎన్నో రాయరు. సోలార్ పలకల సామర్థ్యం రాస్తారు, కరెంటు బిల్లులో ఎన్ని యూనిట్లు తగ్గాయో చెప్పరు. పైగా ఆడిటర్‌ను పిలిచేదీ, ఫీజు ఇచ్చేదీ ఆ కాలేజీయే.

ఘన వ్యర్థాల నిర్వహణపై 2016 నాటి నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగానే చెప్పాయి. రోజుకు సగటున 100 కిలోలకు మించి చెత్త వచ్చే సంస్థలను 'బల్క్ వేస్ట్ జనరేటర్లు'గా లెక్కగట్టారు. కాలేజీలు, యూనివర్సిటీలు, హాస్టళ్లు కూడా ఆ లెక్కలోకే వచ్చాయి. తడి, పొడి చెత్తను వేరు చేయాలి. తడి చెత్తను వీలైనంత వరకు ఆవరణలోనే ఎరువుగానో, గ్యాస్‌గానో మార్చాలి. పెద్ద హాస్టల్ ఉన్న ఏ కాలేజీకైనా ఇది వర్తించే మాటే. అయితే రోజూ చెత్తను తూకం వేస్తే తప్ప ఆ 100 కిలోల గీత దాటామో లేదో తెలియదు.

కోనసీమలో గోడ అడ్డం కాదు

వేరే ఊళ్లో క్యాంపస్ అంటే కాంపౌండ్ గోడ వరకే. కోనసీమలో అలా కుదరదు. ఇది గౌతమి, వసిష్ఠ పాయల మధ్య ఉన్న లంక నేల. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీరే పొలానికి ఆధారం, ఎన్నో ఊళ్లలో తాగునీటి చెరువుకీ అదే ఆధారం. వాడిన నీరు డ్రెయిన్లలో కలిసి సముద్రానికి చేరుతుంది. పై ఊళ్లో కాలువలో పడేసిన ప్లాస్టిక్, వదిలిన మురుగు కింది ఊరి వాళ్ల నెత్తిన పడతాయి.

సముద్రం వైపు నుంచి ఇంకో దెబ్బ. శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు ఎగదన్ని రాజోలు ప్రాంతంలో కొబ్బరి చెట్లు మోడువారాయి. 2025 నవంబర్‌లో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కేశనపల్లి వచ్చి ఆ తోటలు చూసి వెళ్లారు. తోటనే నమ్ముకున్న ఇంట్లో చెట్టు పోతే, ఆ ఇంటి పిల్లల చదువు ఖర్చుకే గండి పడుతుంది. కాలేజీకి కట్టే ఫీజు కూడా ఆ కొబ్బరికాయల నుంచే వస్తోందన్నది మరిచిపోకూడదు.

అంబాజీపేట చూపిన దారి

విశ్వవిద్యాలయ బాధ్యత అంటే ఏంటో తెలియాలంటే దూరం వెళ్లనక్కర్లేదు. డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధన స్థానం అంబాజీపేటలోనే ఉంది. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి దగ్గర సర్పిలాకార తెల్లదోమ బయటపడింది. ఆ తర్వాత గోదావరి జిల్లాల తోటల్నీ చుట్టేసింది. ఇది ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. అది వదిలే జిగురు మీద నల్లటి మసి పేరుకుపోయి చెట్టు నీరసిస్తుంది. రసాయన మందులు అదే పనిగా కొడితే దోమను తినే మిత్ర పురుగులూ చస్తాయి, దోమ మళ్లీ పెరుగుతుంది.

అంబాజీపేట శాస్త్రవేత్తలు జీవ నియంత్రణ దారి పట్టారు. ఐసేరియా అనే శిలీంధ్రాన్ని ల్యాబ్‌లో పెంచి రైతులకు అందించారు, మిత్ర పురుగులను కాపాడుకోవాలని చెప్పారు. విషం తగ్గించి పంటను నిలబెట్టడం అంటే ఇదే. అయితే దీనికీ పరిమితులున్నాయి. పొడవాటి చెట్టు పైదాకా మందు కొట్టడం కష్టం. ఒక్క రైతు కొడితే పక్క తోట నుంచి దోమ మళ్లీ వస్తుంది. ఊరంతా ఒకేసారి కదలాలి. అంతమందిని కదిలించడం ఒక్క ల్యాబ్ వల్ల అయ్యే పని కాదు.

ఇక్కడే డిగ్రీ కాలేజీల పాత్ర మొదలవుతుంది. రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి, దాని నిడివి 180 గంటలు. ఒక కాలేజీలో 60 మంది చేస్తే 10,800 గంటల శ్రమ. రాజోలు బావుల్లో, డ్రెయిన్లలో ప్రతి ఏడూ అవే చోట్ల ఉప్పు శాతం కొలిచినా, అవే తోటల్లో దోమ ఉధృతి నమోదు చేసినా, ఐదేళ్లకు అధికారులకు, శాస్త్రవేత్తలకు పనికొచ్చే రికార్డు తయారవుతుంది. రిపోర్టు బైండింగ్ చేయించి మార్కులు వేసి బీరువాలో పెడితే మాత్రం ఆ గంటలన్నీ వృథా.

డబ్బు ఎక్కడిది?

ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలతోనే సతమతం అవుతున్నామని ప్రైవేటు యాజమాన్యాలు అంటాయి. అందులో నిజం లేకపోలేదు. కానీ కొలవడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. తూకం మిషన్, నీటి మీటర్, ఉప్పు శాతం చూసే చిన్న పరికరం చాలు. పచ్చదనం పేరు చెప్పి పేద విద్యార్థుల మీద కొత్త ఫీజు మోపడం మాత్రం న్యాయం కాదు.

పర్యావరణ విద్య అన్ని స్థాయిల్లో ఉండాలని ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది 1991లో. ఆ తీర్పు పుణ్యాన సబ్జెక్టు వచ్చింది, పరీక్షా వచ్చింది. చాలామందికి అది పాసవ్వాల్సిన పేపర్‌గానే మిగిలిపోయింది.

ప్రతి కాలేజీ ఏడాదికోసారి నాలుగు అంకెలు నోటీసు బోర్డు మీద పెట్టాలి. వాడిన కరెంటు యూనిట్లు, వాడిన నీరు, వచ్చిన చెత్త ఎన్ని కిలోలు, ఎటు పోయింది, నాటిన మొక్కల్లో బతికినవి ఎన్ని. కోనసీమ డిగ్రీ కాలేజీలు ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కింద, ఇంజనీరింగ్ కాలేజీలు కాకినాడ జేఎన్టీయూ కింద నడుస్తున్నాయి. అఫిలియేషన్ దరఖాస్తులో ఈ నాలుగు అంకెల కోసం ఒక్క పేజీ చేర్చడానికి ఈ రెండు వర్సిటీలకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు.