స్పర్శ ఉన్న మచ్చకూ పరీక్ష కావాలి

టీబీ అనగానే మనకు తోచేవి దగ్గు, తెమడ, ఎక్స్‌రే. ఇంటికొచ్చే సిబ్బంది కూడా దగ్గు రెండు వారాలు దాటిందా, జ్వరం వస్తోందా, బరువు తగ్గారా అని అడిగి వెళ్తారు. కాలి మీద ఏడాదిగా మానని పులిపిరి సంగతి ఎవరూ అడగరు.

గుంట మగ్గం దిగి చెప్పుల్లేకుండా వాకిట్లో తిరిగే పోచంపల్లి నేతన్నకైనా, చెలకలో పనిచేసే కూలికైనా కాలికి దెబ్బ తగలడం మామూలే. ఆ గాటులోంచి క్షయ క్రిమి దిగితే, ఒంటికి ఆ క్రిమి ముందే తెలిసి ఉంటే, పుట్టేది పులిపిరి క్షయ. వైద్యులు ట్యూబర్‌క్యులోసిస్ వెర్రుకోసా క్యూటిస్ అంటారు. స్టెతస్కోప్ కనిపెట్టిన లెనెక్ అంతటి వైద్యుడికీ, శవపరీక్షలో వేలికి రంపం తగిలిన చోట ఇలాంటి గడ్డే లేచింది. 1826లో ఆయనే దాన్ని వర్ణించాడు.

మొదట ఆనెకాయలా గట్టిగా ఉంటుంది. నొప్పి ఉండదు. నెలల తరబడి ఒక పక్క పాకుతూ, మరో పక్క మచ్చ వేసి మానుతూ ఉంటుంది. అంచున ఊదా ఛాయ కనిపిస్తుంది. నొక్కితే పగుళ్లలోంచి చీము రావచ్చు. మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్‌తో ఎరుపు కొన్నాళ్లు తగ్గుతుంది, జబ్బు మాత్రం పోదు.

కుష్టు సర్వేలో ఆశా కార్యకర్త ఆ మచ్చను చూసినా, స్పర్శ ఉంది కనుక కుష్టు కాదని తేలుతుంది. అక్కడితో కథ ముగుస్తోంది. నా అభ్యంతరం అక్కడే. కుష్టు కాకపోతే మరేమిటో తేల్చాలి కదా!

తేల్చడం సులువని చెప్పను. ఈ రకంలో క్రిములు బహు తక్కువ. తెమడలో ఏమీ దొరకదు, ఒక్కోసారి చర్మం ముక్కలోనూ కనపడవు. అందుకే మత్తిచ్చి తీసిన పెసరగింజంత ముక్కను రెండు చేయాలి. బయాప్సీకి ఒకటి ఫార్మలిన్‌లో, కల్చర్‌కు ఇంకొకటి సెలైన్‌లో పంపాలి. రెండూ ఫార్మలిన్‌లో వేస్తే క్రిమి చచ్చి, కల్చర్ దండగవుతుంది. కల్చర్‌కు 6 నుంచి 8 వారాలు పట్టొచ్చు. క్రిమి దొరకనంత మాత్రాన టీబీ లేదనడం తొందరపాటే. బయాప్సీ, మాంటూ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే కలిపి చూసి నిర్ణయించాలి.

తేలితే మందులు ఉచితం. సాధారణంగా 6 నెలల కోర్సు, పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు. పోచంపల్లి ఉన్న జిల్లాలోనే, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. లోపించింది ఊరికీ ఆసుపత్రికీ మధ్య ఒక్క ప్రశ్న. టీబీ సర్వే కాగితంలో ‘నెలలుగా మానని పుండు, మచ్చ, పులిపిరి ఉన్నాయా?’ అన్న వరుస చేర్చాలి. కుష్టు కాదని తేలిన మానని మచ్చను చర్మ వైద్యుడికి పంపాలి. ప్రభుత్వం ఆ వరుస చేర్చేదాకా ఆగకండి. ఆయింట్‌మెంట్ రాసినా నెలల తరబడి మానని మచ్చ ఉంటే, మరో ట్యూబు కొనకుండా బయాప్సీ అడగండి.